సైటు పదాల జమాబందీ

మా కోడలు ఆఫీసు నుంచి వస్తూనే, "మావయ్యగారూ, పాపకి స్కూల్లో 40 సైట్ వర్డ్స్ ఇచ్చారు, దసరా సెలవుల్లోపు అయిపోవాలట" అంది. ముప్పై నాలుగేళ్లు రెవెన్యూ శాఖలో అరిగిన మనిషిని. సైటు అన్న మాట చెవినబడితే నాకు గజాలు, లేఅవుటు, ఈశాన్యం కళ్ల ముందు తిరుగుతాయి. యూకేజీ పిల్లలకి కూడా స్థలాలు ఇస్తున్నారన్నమాట, కట్టిన ఫీజు చూస్తే ఇవ్వడం న్యాయమే అనుకున్నాను. "ఈసీ తీయించారా? లింకు డాక్యుమెంట్లు సరిగ్గా ఉన్నాయా?" అని అడిగాను. కోడలు నా వంక జాలిగా చూసి కాఫీ పెట్టడానికి వెళ్లిపోయింది.

సంగతి తర్వాత మావాడు చెప్పాడు. అక్షరం అక్షరం కూడబలుక్కోకుండా, చూపు పడగానే చదివేయాల్సిన ఇంగ్లిషు మాటలట ఇవి. అమెరికాలో ఎడ్వర్డ్ డాల్చ్ అనే ఆయన పిల్లల చదువులో అడుగడుగునా తగిలే మాటలు 220 ఏరి, 1936లో జాబితా ప్రకటించాడు. ఆ 220లో ఒక్క నామవాచకం లేదు. అమ్మ లేదు, ఆవు లేదు. వాటికి 95 మాటలతో విడిగా ఇంకో రిజిస్టరు పెట్టాడు. అందులో ఉడతకి, శాంతాక్లాజుకి కూడా చోటిచ్చాడు. ఇంత శుభ్రంగా రిజిస్టర్లు విడదీసిన మనిషి మీద నాకు వృత్తిపరంగా గౌరవం కలిగింది. మా మనవరాలికి వచ్చింది ఆ 220లో మొదటి దఫా.

దఫా చేతికొచ్చింది కదా అని రికార్డు తిరగేశాను. తిరగేస్తే గుండె ఆగినంత పనైంది. "సెడ్" తీసుకోండి. అటు ఎస్, ఇటు డి, హద్దురాళ్లు సక్రమంగానే ఉన్నాయి. మధ్యలో పట్టాదారులు ఏ, ఐ. సాగులో ఉన్నది మాత్రం "ఎ" శబ్దం. అడంగల్లో పట్టాదారు కాలమ్ వేరు, అనుభవదారు కాలమ్ వేరు అని తెలిసినవాణ్ణి కాబట్టి తట్టుకున్నాను. అయిదేళ్ల పిల్ల ఎలా తట్టుకుంటుంది? "వన్" ఇంకా ఘోరం. ఓ, ఎన్, ఈ రికార్డులో ఉన్నాయి, నోట్లో మాత్రం ముందు "వ" పలుకుతోంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో పత్రం లేదు. పక్కనే "టూ"లో డబ్ల్యూ మస్టర్లో సంతకం పెట్టి కూర్చుంది, పని నిల్లు. టూలో పని మానేసిన ఆ డబ్ల్యూయే వన్‌లో డెప్యుటేషన్ మీద పనిచేస్తోందని నా అనుమానం.

తెలుగులో ఈ తగాదా తక్కువ. క గుణింతం వచ్చినవాడు కాకిని చదివేస్తాడు. అసలే లేవని మాత్రం అనను. "బ్రహ్మ"లో రాతకి హ ముందు, నోటికి మ ముందు. "జ్ఞ" సంగతి ఎత్తితే కాపురాలు కూలతాయి. అయినా అవి చిన్న ఆక్రమణలు, క్రమబద్ధీకరించవచ్చు. ఇంగ్లిషుది చెరువు కబ్జా.

పేరెంట్స్ మీటింగుకి నేనూ వెళ్లాను. క్లాసు టీచరు పాతికేళ్లయినా ఉంటాయో లేదో, చాలా ఓపికగా చెప్పింది. రోజుకి పది నిమిషాలు దాటొద్దంది. ఒక విడతకి మూడు నాలుగు మాటలే, అందులోనూ వచ్చినవాటి మధ్య కొత్తది కలపమంది. కేన్, రన్, బిగ్ లాంటివి అసలు బట్టీ పెట్టించొద్దంది. అక్షరాల శబ్దాలు కలుపుకుంటే అవే వస్తాయట. సెడ్ లాంటి వాటిలో కూడా ఎస్, డి పిల్లకి తెలిసినవే, మధ్య ముక్క ఒక్కదాన్నే గుర్తు పెట్టుకోమనాలట. అన్నీ ఆటలాగా చేయండి, విసుగొస్తే ఆపేయండి అంది. మేమంతా తలలూపి, "ఆట" అన్న ఒక్క మాట ఇంటికి తెచ్చుకున్నాం. మిగతావి స్కూలు పార్కింగులోనే పడిపోయాయి.

2020 జాతీయ విద్యా విధానం కూడా మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా పునాది దశ అని, ఆ దశలో చదువు ఆటపాటలతో సాగాలని అంది. ఢిల్లీలో ఆటగా బయల్దేరింది. మా ఫ్లాటు తలుపు తట్టేసరికి ఎక్సెల్ షీటు అయింది. మావాడు సాఫ్ట్‌వేరు కదా. తేదీ, మాట, చదవడానికి పట్టిన సెకన్లు, పాప మూడ్ అని కాలమ్‌లు గీశాడు. మూడు సెకన్లు దాటితే గడి ఎర్రబడుతుంది. ఆదివారం పొద్దున టిఫిన్ తర్వాత సమీక్ష. మా శాఖలో ఏటా ఊళ్ల లెక్కలు సరిచూసే తనిఖీని జమాబందీ అంటాం. ఈ సమీక్షకి ఆ పేరు పెట్టింది మాత్రం నేనే, ఆ పాపం నాది.

ఇక ఆటలు. మొదటిది తొక్కుడు బిళ్ల. కారిడార్లో సుద్దముక్కతో గళ్లు గీసి ఒక్కో గడిలో ఒక్కో మాట రాశారు. బిళ్ల పడ్డ గడిలో మాట చదివితేనే గెంతాలి. పాప గెంతేసింది, చదవలేదు. మాట చదవకుండా గెంతడం నిబంధనలకి విరుద్ధమని నచ్చజెప్పాం. "జంప్" అని రాసిన గడి మీద నుంచి కూడా గెంతిందని, అంటే అర్థం తెలిసినట్టే కదా అని మా ఆవిడ వాదించింది. నమోదు కాలేదు. సాయంత్రానికి అసోసియేషన్ వాళ్లు కారిడార్లో రాతలు రాయరాదని వాట్సాప్‌లో పెట్టారు.

తర్వాతిది ఈగల బ్యాటు. గోడ నిండా కార్డులు అంటించి, పిలిచిన మాటని బ్యాటుతో కొట్టాలి. ఈ ఆట పాపకి ప్రాణం. ఒక్కో దెబ్బకి కార్డుతో పాటు గోడ పెయింటు కూడా ఊడి రావడం వల్ల, ఇల్లు అద్దెది కావడం వల్ల, అర్ధంతరంగా రద్దయింది. కార్డులు మాత్రం భద్రం. కోడలు రాత్రి పదకొండింటి దాకా కూర్చుని కత్తిరించి, లామినేషన్ చేయించినవి మరి. వాటి మూలలు గుండ్రంగా ఉంటాయి. పాప వాటిని ముట్టుకోవాలంటే చేతులు కడుక్కోవాలి.

రవ్వ పళ్లెం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పళ్లెంలో బొంబాయి రవ్వ పరిచి వేలితో మాట రాయించడం. దీన్ని సెన్సరీ ట్రే అంటారట. చెక్క పళ్లెం, రంగు ఇసుక, చిన్న దువ్వెనతో సహా పెట్టెలో పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. మా ఊరి బడిలో పంతులుగారు నా వేలు పట్టుకుని ఇసుకలో ఓనమాలు దిద్దించింది సెన్సరీ అని ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. వేలు మాత్రం మండేది. ఇదే పిల్లకి రెండేళ్ల కిందట బాసరలో పళ్లెంలో బియ్యం పోసి అక్షరాభ్యాసం చేయించాం. అప్పుడు పాప ఆ బియ్యం గుప్పిట్లోకి తీసుకుని అయ్యవారి మీద పోస్తే అందరం నవ్వాం. ఇప్పుడు రవ్వ పోస్తే మూడ్ కాలమ్‌లో "సహకరించలేదు" అని ఎక్కింది. "కమ్" అని రాసి, దాని మీద ఇల్లు గీసి, ఇంటికి పొగగొట్టం పెట్టింది. కమ్ మీద ఇల్లు వేసిందంటే రమ్మని పిలుస్తోందేమో, మాకు తట్టలేదు. మాటలన్నీ దిద్దిన ఆ రవ్వ మర్నాడు ఉప్మా అయింది. ఆ రోజు మాత్రం 40కి 40 మాటలూ అందరి లోపలికీ వెళ్లాయి.

ఈ అనుభవాల మీద ప్రభుత్వానికి ఒక మెమో తయారు చేశాను. ఆటకి మన చట్టాల్లో సరైన నిర్వచనం లేకపోవడమే అనర్థాలకి మూలం. పిల్ల మధ్యలో లేచి వెళ్లిపోగలిగితే అది కాలక్షేపం. వెళ్లడానికి వీల్లేకపోతేనే విద్యాపరమైన ఆట. ఆట జరుగుతుండగా పిల్ల కారణం లేకుండా నవ్వితే పెద్దలు వెంటనే ఏదో ఒక ప్రశ్న అడగాలి. అంతకంటే ముఖ్యం, జాబితాలో లేని మాట చదివితే ప్రోత్సహించకూడదు. ఈ క్లాజు ఊరికే పెట్టలేదు. ఒకరోజు స్కూటర్ మీద వెళ్తుంటే పాప ముందున్న లారీ వెనక చూసి "తాతయ్యా, ప్లీజ్!" అంది. ఏం కావాలమ్మా అన్నాను. ఏమీ వద్దట. అక్కడ రాసి ఉందట. ఇంటికొచ్చి గర్వంగా చెబితే మావాడు షీటు తెరిచి, "ప్లీజ్ రెండో జాబితాలోది నాన్నా, మనకింకా రాలేదు. ఎక్కడ ఎక్కించను?" అన్నాడు. నోటిఫై కాని గ్రామంలో పాస్‌బుక్కు ఇవ్వమన్నట్టుంది నా అర్జీ. ఉపసంహరించుకున్నాను.

అన్నిటికంటే ఘనంగా జరిగింది తంబోలా. అంకెల బదులు మాటలతో టికెట్లు. పక్క ఫ్లాట్ల వాళ్లనీ పిలిచాం, పిల్లలకి హుషారుగా ఉంటుందని. గుర్తుగా పెట్టుకోవడానికి చింతపిక్కలు, బహుమతికి పల్లీపట్టీలు. మూడో మాట పిలిచేసరికి పిల్లలందరూ చింతపిక్కలు పోగేసుకుని మంచం కిందకి దూరారు. పెద్దవాళ్లం ఆట ఆపుతామా? జల్దీ ఫైవ్ కొట్టింది మా ఆవిడ.

మా ఆవిడ అయిదో తరగతి, తెలుగు మీడియం, అదీ బడికి వెళ్లిన రోజుల్లో. ఏబీసీడీలు వచ్చు, మాటలు రావు. బోగస్ క్లెయిమ్ అని ఎదురు ఫ్లాటావిడ అభ్యంతరం లేవదీసింది. విచారణ జరిపాను. "లుక్ అంటే మధ్యలో రెండు కళ్లున్నది. ఎల్లో అన్నది పొడుగ్గా ఉంటుంది, నడుమ రెండు నిట్రాళ్లు. నేను రోజూ కార్డులు ఏరి డబ్బాలో పెట్టేదాన్ని కాదూ? ఎన్నని చూడను!" అంది. క్లెయిమ్ ఆమోదించక తప్పలేదు. ఆవిడ పేరు ఎక్సెల్లో లేదు, సెకన్లు ఎవరూ లెక్కపెట్టలేదు.

దసరా జమాబందీలో పాపకి 31 పచ్చ గళ్లు, 9 ఎర్ర గళ్లు వచ్చాయి. సంక్రాంతికల్లా అని 52 మాటలతో రెండో దఫా కూడా దిగింది. ప్లీజ్ దాన్లో ఉంది. ఈసారి అడిగితే పాప చెప్పలేదు.

మొన్న అందరం మాల్‌కి వెళ్లాం. పిల్లలు ఆడుకునే చోటు ఎక్కడో తెలీక మావాడు ఫోన్లో వెతుకుతున్నాడు. పాప ఎస్కలేటర్ దగ్గర కోడలి చెయ్యి లాగుతోంది. మా ఆవిడ గోడకున్న పెద్ద మ్యాపు ముందు ఆగింది. అందులో ఎర్ర చుక్క మీద వేలు పెట్టి, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ, "యు... ఆర్... హియర్" అని చదివింది. కాసేపు అలాగే నిలబడి, నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించి అడిగింది.

"ఏవండీ, మనం ఇక్కడున్నామని వీళ్లకెలా తెలిసింది?"