వెనిస్ వెళ్లే ముందు మెట్ల రిహార్సల్

వెనిస్ వెళ్తున్నారా? గొండోలా పడవల సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ సూట్‌కేసు ఎంత బరువుందో చూసుకోండి. అక్కడ పాత ఊళ్లో కారు తిరగదు, ఆటో లేదు, స్కూటరూ లేదు. రైల్లో వస్తే శాంతా లూచియా స్టేషన్, బస్సులో వస్తే పియాజ్జాలే రోమా, అంతటితో సరి. అక్కణ్నుంచి పడవైనా ఎక్కాలి, కాళ్లకైనా పని చెప్పాలి. వందకు పైగా దీవులు, వాటిని కలిపే వంతెనలు 400కి పైనే. చాలా వంతెనలకి ఎక్కడానికీ మెట్లే, దిగడానికీ మెట్లే.

ఇదంతా మా మామగారికి చెప్పే బాధ్యత నా నెత్తిన పడింది. జర్మనీలో ఉంటున్న మా బావమరిది అమ్మానాన్నలకి వెనిస్ చూపిస్తానని టికెట్లు తీసి, "బావా, నువ్వు చెన్నైలోనే ఉన్నావు కదా, వాళ్లని కాస్త ప్రిపేర్ చెయ్యి" అని చేతులు దులుపుకున్నాడు. ప్రిపేర్ చెయ్యడానికి ఆయన పదో క్లాసు పిల్లాడు కాదు. ఆడిట్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. ఆధారం చూపించందే అన్నం కూడా ఉడికిందని ఒప్పుకోరు.

"మెట్లా? అలిపిరి నుంచి కొండెక్కినవాణ్నయ్యా నేను" అన్నారు.

"అప్పుడు మీ సామాను దేవస్థానం వాళ్లే పైకి చేర్చారు కదండీ" అన్నాను.

ఆయన మాట్లాడలేదు. మా అత్తగారు లోపల్నుంచి "అదీ అడుగు నాయనా" అన్నారు.

మిగతా సలహాల పరిస్థితీ ఇంతే. బావమరిది హోటల్ మెస్త్రేలో తీశాడు. అక్కడ గదులు చవక కాబట్టి చాలామంది అదే చేస్తారు. కానీ మెస్త్రే ఉండేది ఒడ్డున, అక్కణ్నుంచి పొడవాటి వంతెన మీదుగా రైల్లో ఓ పది నిమిషాలు వెళ్తే అప్పుడొస్తుంది అసలు వెనిస్. "మైలాపూరని చెప్పి తాంబరంలో దింపినట్టుంది వీడి పని" అని మామగారు కొడుకు మీద కస్సుమన్నారు. ఇంటి నంబర్ల సంగతి చెప్పాను. అక్కడ వీధికో వరస ఉండదు, ఊరిని ఆరు పేటలుగా చేసి పేటంతటికీ కలిపి నంబర్లు వేశారు, అవి వేలల్లోకి పోతాయి, అందుకని అడ్రసు ఒక్కటీ పట్టుకుని తిరిగితే లాభం లేదు, దగ్గర్లో ఏ పడవల రేవుందో, ఏ వంతెన ఉందో అడిగి పెట్టుకోవాలి, దారి తప్పితే గోడల మీద ఊళ్లో పేరున్న చోట్లయిన రియాల్తో, శాన్ మార్కో అని బాణం గుర్తులుంటాయి, వాటిని పట్టుకుని పోవాలి అని. ఆయన చలించలేదు. "మన ఇంటికి పాత నంబరొకటి, కొత్త నంబరొకటి. కొరియర్ కుర్రాడు ఇవాళ్టికీ పక్క వీధిలోంచే ఫోన్ చేస్తాడు. మనకి చెప్పొచ్చావా?"

ఒక్క విషయం మాత్రం ఆయనకి తెగ నచ్చింది. 2024 నుంచి రద్దీగా ఉండే కొన్ని రోజుల్లో, పొద్దున వచ్చి సాయంత్రం పోయే వాళ్ల దగ్గర వెనిస్‌లో ప్రవేశ రుసుం వసూలు చేస్తున్నారు. ఊరి పరిధిలో రాత్రి బస చేసేవాళ్లకి మినహాయింపు, మెస్త్రే కూడా ఆ పరిధిలోదే. అయితే మాకు మినహాయింపు ఉందని ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని క్యూఆర్ కోడ్ దగ్గర పెట్టుకోవాలి.

"అంటే కట్టక్కర్లేదని చెప్పడానికి కూడా ఫారం నింపాలా?"

"అవునండీ."

"భేష్. పద్ధతి తెలిసిన మనుషులు" అని అప్పటికప్పుడు కళ్లజోడు పెట్టుకున్నారు.

అలిపిరి మాట మాత్రం ఆయన మర్చిపోలేదు. ఆదివారం పొద్దున్నే ఫోన్. "ఏమయ్యా, కిందకి రా. రిహార్సల్ వేద్దాం."

మా పక్కన బకింగ్‌హామ్ కాలువ వెంబడి పరక్కుం రైల్, అంటే స్తంభాల మీద ఎత్తున నడిచే లోకల్ రైలు, వెళ్తుంది. కింద కాలువ, పైన రైలు, మధ్యలో కావలసినన్ని మెట్లు. వెనిస్‌కి ఇంతకు మించిన నమూనా మద్రాసులో దొరకదని ఆయన వాదన. పైగా ఆ కాలువంటే ఆయనకి సొంత ఆస్తంత మమకారం. వాళ్ల తాతగారు నెల్లూరు నుంచి ఇందులోనే పడవ మీద వచ్చారట. నేను అడక్కుండానే చరిత్ర మొదలుపెట్టారు. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వడం మొదలుపెట్టారనీ, 1877-78 కరువులో జనానికి కూలి దొరకాలని అడయారునీ కూవాన్నీ కలుపుతూ తవ్వించారనీ, అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారనీ. ఆ కరువు కూలీల కాలువ పక్కన ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని ఇదంతా విన్నాను. వాసనకి మాత్రం వేరే రిహార్సల్ అక్కర్లేదని తేలింది.

సూట్‌కేసు చూస్తే నాకు గుండె జారింది. ఖాళీది తెస్తారనుకున్నాను. ఆడిట్ మనిషి కదా, "అసలు బరువు లేకపోతే అది పరీక్షేంటి" అని నింపుకొచ్చారు. కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ, చిన్న కుక్కరు, అత్తగారి రెండు స్వెట్టర్లు, అన్నిటికీ అడుగున పది కిలోల సోనామసూరి. ఇటలీలో బియ్యం దొరుకుతాయండీ, ఆ ఉత్తరాదిలో బియ్యంతోనే రిసోత్తో వండుకుంటారు అన్నాను. "అది జిగురు జిగురుగా ఉంటుందట, చారులోకి పనికిరాదు" అని అత్తగారు కొట్టిపారేశారు.

స్టేషన్ మెట్లు మొదటి అంతస్తు దాకా బాగానే ఎక్కారు. మలుపు దగ్గర ఆగి, "చూశావా?" అన్నట్టు నా వైపు చూశారు. రెండో వరస మెట్లలో సగానికి వచ్చేసరికి టక్ మని ఓ చప్పుడు. హ్యాండిల్ ఆయన చేతిలోనే ఉంది. సూట్‌కేసు లేదు. అది వచ్చిన దారినే, ఒక్కో మెట్టూ లెక్కపెడుతున్నట్టు, దడ్ దడ్ మంటూ తిరిగి వెళ్తోంది. మలుపు దగ్గర గోడకి కొట్టుకుని జిప్పు నోరు తెరిచింది. కుక్కరు మూత ఒక్కటే బయటికి దూకి, తనకేదో రైలు టైమైనట్టు గిరగిరా తిరుగుతూ టికెట్ కౌంటర్ దాకా వెళ్లి పడుకుంది. బియ్యం మాత్రం తొందరపడలేదు. ఒక్కో మెట్టు మీదుగా సన్నగా, నింపాదిగా జారుతూ వచ్చింది.

స్టేషన్ దూలాల మీద పావురాలు ఎన్నుంటాయో నాకు అంతకుముందు తెలీదు. అన్నీ దిగాయి.

మామగారు హ్యాండిల్ పట్టుకునే మెట్టు మీద కూలబడ్డారు. అత్తగారు మాత్రం "పోనీలెండి, నోరులేని జీవాలు తింటున్నాయి" అని ఇంకో గుప్పెడు వాటి వైపు చల్లారు. నాకు నవ్వాపుకోవడం ఓ పక్క, డ్యూటీ ఓ పక్క. "ఇదే వెనిస్‌లో అయితే రెండు జరిమానాలు పడేవండీ. శాన్ మార్కో చౌకులో పావురాలకి గింజలు వెయ్యడం 2008 నుంచి నిషేధం. అక్కడ మెట్ల మీద కూర్చోవడమూ కుదరదు" అన్నాను. మామగారు నన్ను చూసిన చూపు ఆడిట్‌లో ఎంతమందిని ఏడిపించి ఉంటుందో!

ఈలోగా వాచ్‌మన్ కుక్కరు మూత పట్టుకుని వచ్చాడు. ఇంత సామానుతో ఏ ఊరికని అరవంలో అడిగాడు. వెనిస్ అన్నారు మామగారు, కాస్త గొంతు సవరించుకుని. అతను సీరియస్‌గా ఆలోచించి, ఆ బస్సు కోయంబేడులో దొరకదు సార్, ఇప్పుడన్నీ కిళాంబాక్కం నుంచే అని చెప్పాడు. మామగారు థాంక్స్ కూడా చెప్పారు.

ఆ తర్వాత పని తేలికైంది. సూట్‌కేసు పోయి రెండు భుజాన తగిలించుకునే బ్యాగులు వచ్చాయి. బియ్యం రద్దు. చర్చిలోకి భుజాలూ మోకాళ్లూ కప్పుకునే వెళ్లాలని చెప్పగానే, యూరప్ కోసమని మామగారు ముచ్చటపడి కొనుక్కున్న నిక్కరు కూడా రద్దు. తాగే నీళ్లు వీధి కుళాయిల్లో ఉచితమే కాబట్టి స్టీలు సీసా మాత్రం ఉంది. వాపొరెత్తో, అంటే వాళ్ల సిటీ బస్సు లాంటి పడవ, 75 నిమిషాల టికెట్టు 9.50 యూరోలని చెప్తే గుండె పట్టుకున్నారు గానీ, ఎక్కువ తిరిగేట్టయితే 24 గంటల పాసు 25కి వస్తుందనీ, ఒకటో నంబరు పడవలో శాంతా లూచియా నుంచి పొద్దున్నే బయల్దేరితే గ్రాండ్ కెనాల్ మొత్తం కూర్చునే చూడొచ్చనీ లెక్క వేసి చూపిస్తే స్థిమితపడ్డారు.

ఇక మిగిలింది గొండోలా. పగలు అరగంటకి 90 యూరోలు, రాత్రి 7 దాటితే 110. ఊరివాళ్లు పెట్టిన రేటు అది. ఎక్కేముందే సమయం, డబ్బు రెండూ ఖాయం చేసుకోవాలి. "తొమ్మిది వేలా? అరగంటకా? అక్కర్లేదు, ఒడ్డున నిలబడి చూస్తాం" అని మామగారు ఫైలు మూసేశారు. ఊరుకోవచ్చు కదా, నేను కాస్త ఊరట కలిగిద్దామని, అది మనిషికి కాదండీ, పడవ మొత్తానికీ, అయిదుగురి దాకా ఎక్కొచ్చు అన్నాను.

ఆయన కాగితం మీద భాగహారం చేసేలోపే అత్తగారు ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లారు. నెల్లూరులో ఉన్న చెల్లెలికి చెబుతున్నారు: "మనిషికి పద్దెనిమిది యూరోలేనే! మీ ఇద్దరూ కూడా వచ్చెయ్యండి, బోలెడు కలిసొస్తుంది."