గేమింగ్ పీసీకి ఐదు లక్షలు తక్కువే

ఐదు లక్షలు పోసి గేమింగ్ కంప్యూటర్ కొనడం దండగ అని ఈ మధ్య ఎక్కడ చూసినా వినబడుతోంది. ఇలా అనేవాళ్లలో పెళ్లి ఫొటోలకి మూడు లక్షలు పోసి ఆ ఆల్బమ్‌ని బీరువా మీద పడేసి మర్చిపోయినవాళ్లున్నారు, శంకర్‌పల్లి అవతల ఎక్కడో ప్లాటు కొని ఇప్పటికీ దాని హద్దురాళ్లు దొరక్క ఆదివారాలు తిరుగుతున్నవాళ్లూ ఉన్నారు. వీళ్ల ఆర్థిక విజ్ఞతకి ఓ నమస్కారం పెట్టి, విషయాన్ని కాస్త శాస్త్రీయంగా తేల్చేద్దామని కూర్చున్నాను.

ముందు లెక్క. 2025 జనవరి నెలాఖర్లో ఎన్‌విడియా వాళ్ల ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డు వచ్చింది. గేములో కనబడే బొమ్మలన్నీ గీసేది ఇదే. అమెరికాలో 1,999 డాలర్లు, మన దగ్గర ప్రారంభ ధర 2,14,000 రూపాయలు అన్నారు. అన్నారు, అంతే. ఆ ధరకి ఇస్తామని ఏ షాపువాడూ అనలేదు. ఇది కార్డు ఒక్కదానికే సుమా. ఆ కార్డు ఒక్కటే 575 వాట్లు లాగుతుంది కాబట్టి 1000 వాట్ల పవర్ సప్లై పెట్టుకోండని కంపెనీవాళ్లే చెబుతారు. దాని పక్కన ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, నీళ్లతో చల్లబరిచే కూలర్, చేపల తొట్టిలాంటి అద్దాల క్యాబినెట్. అన్నీ కలిపితే ఐదు లక్షలు. అందులో 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు 76 వేలు సర్కారుకి పోతుంది. లుంగీ కట్టుకుని ఇంట్లో కూర్చున్న కుర్రాడు ఒక్క బిల్లుతో దేశానికి ఇంత చేస్తుంటే, దండగ అనడానికి నోరెలా వస్తుంది?

అయినా ఐదు లక్షలు పెట్టాలని అనుకుని ఎవడూ ఇల్లు కదలడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులన్నీ ఉండే సీటీసీ మెట్లెక్కినవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. మా బావమరిది 90 వేల బడ్జెట్‌తో ఎక్కాడు. నేను అట్టపెట్టెలు మోయడానికి తోడెళ్లాను.

"ఏం గేమ్స్ ఆడతవన్నా?" అనడిగాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు. వాలరెంట్ అన్నాడు మావాడు. ఆ కుర్రాడు నిజాయితీపరుడు, పాపం. "దానికి ఇది మస్తుగా సరిపోతది" అని 60 సిరీస్ కార్డు (పేరు చివరి అంకె ఎంత పెద్దదైతే కార్డు అంత ఖరీదు) పెట్టి కొటేషన్ రాసిచ్చాడు, 88 వేలకి. అక్కడితో అయిపోవాలి. డబ్బులు కట్టి, కింద ఓ ఇరానీ చాయ్ తాగి మెట్రో ఎక్కేయాలి. మావాడు ఆ కాగితం వంక కాసేపు చూసి, "ఇది ఫ్యూచర్ ప్రూఫ్ అవుతదా?" అన్నాడు, అంటే రేపొచ్చే గేములకీ పనికొస్తుందా అని.

ఈ మాట అనకూడదు. ఈ ఒక్క మాట కోసమే సీటీసీ మొత్తం ఎదురు చూస్తుంటుంది. "ఇంకో పాతికవేలు పెడితే 70 వస్తదన్నా." సరే, 70. అది పెట్టాక పవర్ సప్లై చాలదు. పవర్ సప్లై పెద్దది తీసుకున్నాక, ఎలాగూ ఇంత పెద్దది తీసుకున్నావు కదా, 80 కార్డుకి కూడా సరిపోతుంది. 80 పెట్టాక ప్రాసెసర్ దాన్ని వెనక్కి లాగుతుంది. ప్రాసెసర్ మారిస్తే మదర్‌బోర్డు సాకెట్ కలవదు. మదర్‌బోర్డు మార్చాక "ఇంత పెట్టి ఈ డబ్బా క్యాబినెట్ ఏందన్నా, ఇజ్జత్ పోతది" అని ఆ కుర్రాడికి కూడా బాధేసింది. ఏ మెట్టు దగ్గరా ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఒక్క వాదనలో కూడా తప్పు పట్టలేం, కానీ కాగితం మీద కొట్టివేతలు ఎక్కువై చోటు చాలక చివరి మొత్తం వెనక వైపు రాయాల్సి వచ్చింది. 90 వేలకి, 5090కి మధ్య ఉన్న దూరం ఇంకోటి, ఇంకోటి అనుకుంటూ ఒక మధ్యాహ్నంలో నడిచేశాం.

ఇంటికెళ్లాక మామయ్య, "ఇంత సామాను ఏంట్రా?" అన్నారు. "ఏఐ నేర్చుకుంటున్నా నాన్నా" అన్నాడు. 2025లో ఒక కొడుకు తండ్రితో చెప్పగలిగిన అత్యంత పవిత్రమైన వాక్యం ఇదే. ఆయన ఇంకేమీ అడగలేదు. అత్తయ్యకి మాత్రం ఆ లైట్లతో రాత్రి నిద్ర పట్టడం లేదు, అందుకని పడుకునే ముందు క్యాబినెట్ మీద ఓ పాత బొంత కప్పుతుంది. ఆ బొంత తీస్తే ఆవిడకి నిద్రుండదు, ఉంచితే లోపలి ఫ్యాన్లకి ఊపిరాడదు.

ఇప్పుడు వాడకం సంగతికొద్దాం, ఎందుకంటే విమర్శకులు ఇక్కడే దొరికిపోతారు. మావాడు ఈ యంత్రం మీద రోజూ ఆడేది మళ్లీ ఆ వాలరెంటే. అది నడవడానికి కనీసం ఉండాల్సిన గ్రాఫిక్స్ అని దాని తయారీదారులు పెట్టింది ఇంటెల్ హెచ్‌డీ 4000. అది 2012లో ల్యాప్‌టాప్ కొంటే ప్రాసెసర్‌తో పాటు కొసరుగా వచ్చిన సరుకు. పైగా మావాడు సెట్టింగులన్నీ 'లో'లో పెట్టుకుని ఆడతాడు. 'లో'లో అయితే శత్రువు శుభ్రంగా కనబడతాడట, ఫ్రేములు, అంటే సెకనుకి తెర మీద పడే బొమ్మలు, ఎక్కువొస్తాయట. రెండు లక్షల పైచిలుకు గ్రాఫిక్స్ కార్డు కొని, గ్రాఫిక్స్ తగ్గించుకుని ఆడటం. సన్యాసం అంటే ఇదే కదా. అన్నీ ఉండీ వద్దనుకోవడం.

పెద్ద గేములు లేవని కాదు. రాత్రిళ్లు ఒకటి తెరుస్తాడు, ఆడడు. తెర మూలన ఫ్రేముల అంకె చూస్తూ, ఆ గేములోని నగరంలో ఒక వాననీటి గుంట దగ్గరికెళ్లి, అందులో షాపు బోర్డు నీడ ఎంత సహజంగా పడిందో నాకు చూపిస్తాడు. అమీర్‌పేటలో ఓ గంట వాన పడితే ఇదే దృశ్యం ఉచితం, మోకాళ్ల లోతు వరకూ.

ఆ అంకె గురించి కూడా ఒక మాట చెప్పాలి. 5090తో పాటు డీఎల్‌ఎస్‌ఎస్ 4 అని ఒకటి వచ్చింది. కార్డు కష్టపడి గీసిన ఒక్కో ఫ్రేముకి తోడు మూడు ఫ్రేముల దాకా ఏఐ అల్లి పెడుతుంది. తెర మీద 240 అని చూపిస్తే, కార్డు నిజంగా గీసింది 60 అన్నమాట. హైదరాబాద్‌లో ఫ్లాటు కొన్నవాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 240 సూపర్ బిల్టప్ ఏరియా, 60 కార్పెట్ ఏరియా. కారిడార్, లిఫ్టు, మెట్లు, వాచ్‌మన్ గది అన్నీ మన లెక్కలోనే. చూడ్డానికి కన్నుకి నున్నగానే ఉంటుంది, కాదనను. కానీ మౌస్ కదిపితే ఆట ఎంత చురుగ్గా స్పందిస్తుందన్నది మాత్రం ఆ కార్పెట్ ఏరియాని బట్టే.

కరెంటు బిల్లు అంటారు కొందరు. ఆట జోరు మీద ఉంటే మొత్తం సిస్టమ్ 800 వాట్ల దాకా లాగుతుంది, రోజుకి నాలుగు గంటలు ఆడితే నెలకి దాదాపు వంద యూనిట్లు. తెలంగాణలో తెల్లకార్డు ఇళ్లకి గృహజ్యోతి జీరో బిల్లు గీత 200 యూనిట్లు కదా, ఒక్క కంప్యూటరే అందులో సగం ఆడేస్తుంది. (ఐదు లక్షల పీసీ ఉన్న ఇంటికి తెల్లకార్డేంటని అడక్కండి, మన రాష్ట్రంలో అడగకూడని ప్రశ్నలు కొన్నుంటాయి.) ఆ కరెంటంతా చివరికి వేడిగానే గదిలోకి వస్తుంది. చలికాలంలో అమ్మే రూమ్ హీటర్‌ని చిన్న సెట్టింగులో పెడితే తినేది వెయ్యి వాట్లు. అంటే మావాడు మే నెలలో, 42 డిగ్రీల్లో, ఇంచుమించు ఒక హీటర్ వేసుకుని, దాన్ని ఓడించడానికి పక్కనే ఏసీ వేసుకుని కూర్చుంటున్నాడు. ఆ గదిలో అసలైన పోరాటం తెర మీద జరిగేది కాదు.

పెట్టుబడిగా చూస్తే మాత్రం నేను కాసేపు నవ్వు ఆపుకోవాలి. 2025 చివరికొచ్చేసరికి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ దెబ్బకి ర్యామ్ ధరలు రెండింతలు దాటాయి. డిసెంబర్‌లో ర్యామ్ తయారుచేసే మైక్రాన్ కంపెనీ, మనవాళ్లు కళ్లు మూసుకుని కొనే క్రూషియల్ బ్రాండునే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. మావాడు ముందే కొన్నాడు. ఇప్పుడు ఇంట్లో వాడి నడకే మారిపోయింది, వాట్సాప్‌లో మామయ్య బంగారం ధర పెడితే వీడు ర్యామ్ ధర పెడుతున్నాడు. మరి అమ్ముతావా అంటే, అమ్మితే దేని మీద ఆడాలి అంటాడు. శంకర్‌పల్లి ప్లాటు ఓనర్ల జవాబు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది.

ఇక పీసీ ఎందుకు, గేమ్ కన్సోల్ చాలు కదా అనే ప్లేస్టేషన్ బ్యాచ్. 2021లో మన దేశానికొచ్చినప్పుడు పీఎస్ 5 ధర 49,990, టీవీకి తగిలించి సోఫాలో కూర్చుని హాయిగా ఆడుకోవచ్చు, డ్రైవర్ అప్‌డేట్ల గోల లేదు. మరి ఇందులో ఇజ్జత్ ఎక్కడుంది? దాని పక్కన నిలబడి సీటీసీ కుర్రాడితో సాకెట్ గురించి వాదించగలమా? ఆ 88 వేల కొటేషన్‌లోని మిషన్ మీద కూడా మావాడు ఆడేవన్నీ దర్జాగా నడుస్తాయి, పీసీ గేములు అమ్మే స్టీమ్ వాళ్ల సర్వేల్లో ఏళ్లుగా ముందు వరసలో ఉండేవి కూడా ఆ 50, 60 సిరీస్ కార్డులే. కానీ సామాన్యులతో మనకేంటి పోలిక.

మానిటర్ ఏదని అడుగుతున్నారా? బడ్జెట్ కార్డుకే అయిపోయింది. కోవిడ్ టైమ్‌లో వర్క్ ఫ్రం హోమ్ అని ఆఫీసువాళ్లిచ్చిన 60 హెర్ట్జ్ మానిటర్ ఉంది, ప్రస్తుతానికి దాని మీదే కానిస్తున్నాడు. అది సెకనుకి 60 ఫ్రేములకి మించి చూపించదు, చూపించలేదు కూడా. దాన్ని వెనక్కిచ్చేయమని మొన్న హెచ్‌ఆర్ నుంచి రెండో రిమైండర్ వచ్చింది.