నీళ్ల టిన్నులు, జ్వరాలు, టీకాలు: డెల్టాలో తిరుగుతున్న ఒక సందేశానికి ఖండన

వానాకాలం జ్వరాలు మొదలయ్యే వేళకు అమలాపురం, రాజోలు, పాలకొల్లు ప్రాంతాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. నీళ్ల టిన్నుల్లోని బీపీఏ అనే రసాయనం హార్మోన్లను దెబ్బతీసి రోగనిరోధక శక్తిని చంపేస్తోందనీ, డెల్టాలో ఇంటింటా జ్వరాలకు అదే కారణమనీ, పిల్లలకు టీకాలు కూడా అందువల్లనే పనిచేయడం లేదు గనుక వేయించి ప్రయోజనం లేదనీ, పొలాల మధ్య ఉండే పల్లె ప్రజలకు ఈ బెడద లేదనీ, ఏడు రోజులు ఒక కషాయం తాగితే విషమంతా పోతుందనీ దాని సారాంశం. నిజమైన పరిశోధనల ముక్కలను తెచ్చి తప్పుడు నిర్ణయాలకు అతికించినందువల్ల దీనిని కొట్టిపారేయడం కాక, అంశాలవారీగా పరిశీలించవలసి వస్తోంది.

మొదటిది, నిరోధక శక్తి చచ్చిపోతోందన్న మాట. రోగనిరోధక కణాలలో ఈస్ట్రోజన్, కార్టిసాల్ వంటి హార్మోన్లను అందుకునే గ్రాహకాలు ఉంటాయి కాబట్టి, హార్మోన్లను అనుకరించే రసాయనం ఆ కణాల పనితీరును మార్చగలదనడం సమంజసమే. అయితే మార్పు అంటే తగ్గుదల ఒక్కటే కాదు. 2023 ఏప్రిల్‌లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ బీపీఏ రోజువారీ పరిమితిని శరీర బరువు కిలోకు 4 మైక్రోగ్రాముల నుంచి 0.2 నానోగ్రాములకు, అంటే 20,000 రెట్లు తగ్గించింది. అందుకు ప్రధాన ఆధారం ఎలుకలలో టీహెచ్17 అనే కణాలు పెరగడం. అవి వాపును, మంటను రేకెత్తించే కణాలు. అంటే అక్కడి ఆందోళన వ్యవస్థ నీరసించడం గురించి కాదు, అనవసరంగా చెలరేగడం గురించి. ఈ లెక్కను జర్మనీ ప్రభుత్వ నిపుణుల సంస్థ అంగీకరించక, 200 నానోగ్రాముల పరిమితిని సూచించింది. నిపుణుల మధ్య వెయ్యి రెట్ల తేడా ఉన్న విషయాన్ని మన సందేశకర్త ఒక్క వాక్యంలో తేల్చేశారు!

టిన్నుల సంగతికి వస్తే, పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన 20 లీటర్ల టిన్నులలో బీపీఏ ఉంటుంది; లీటరు సీసాలకు వాడే పెట్ ప్లాస్టిక్ తయారీకి అది అక్కరలేదు. వేడి తగిలినప్పుడు పాలికార్బొనేట్ నుంచి బీపీఏ ఎక్కువగా విడుదలవుతుంది. రొయ్యల, చేపల చెరువుల వల్ల బావినీరు ఉప్పెక్కిన ఊళ్లలో టిన్ను మానేయమని చెప్పడం సలహా అనిపించుకోదు. టిన్నును ఎండలో ఉంచకపోవడం, ఇంటికి రాగానే నీటిని స్టీలు బిందెలోకి వంపుకోవడం మాత్రం ఎవరైనా చేయగలిగినవే.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది టీకాల గురించిన వాదన. దీనికి మూలం 2012లో ప్రచురితమైన ఫారో దీవుల పరిశోధన కావచ్చు. అక్కడ 587 మంది పిల్లలను పరిశీలించగా, ఐదేళ్ల వయసులో రక్తంలో పీఎఫ్‌ఏఎస్ రసాయనాలు రెట్టింపు ఉన్నవారికి ఏడేళ్ల వయసులో ధనుర్వాతం, కంఠసర్పి టీకాల ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) దాదాపు సగమే ఉన్నట్లు తేలింది. ఇది తీవ్రమైన ఫలితమే. 2020లో ఐరోపా సంస్థ నాలుగు పీఎఫ్‌ఏఎస్‌లకు కలిపి వారానికి కిలోకు 4.4 నానోగ్రాముల పరిమితి పెట్టడానికి టీకా స్పందన తగ్గడమే ఆధారం. కానీ పీఎఫ్‌ఏఎస్ వేరు, బీపీఏ వేరు. పీఎఫ్‌ఏఎస్ నీటినీ నూనెనూ అంటనివ్వని పూతలకు, అగ్నిమాపక నురుగుకు వాడిన రసాయనాల కుటుంబం. పైగా ప్రతిరక్షకాలు తగ్గడమంటే టీకా వ్యర్థమని కాదు, రక్షణ త్వరగా పలచబడవచ్చని అర్థం. అప్పుడు చేయవలసినది టీకా మానడం కాదు. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య, మళ్లీ ఐదారేళ్లకు ఇచ్చే డీపీటీ బూస్టర్లను, పదేళ్లకూ పదహారేళ్లకూ ఇచ్చే టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా) మోతాదులను తప్పకుండా వేయించడం. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి గుర్తుచేసేది వీటి గురించే.

జ్వరాల విషయం పొడిగించనక్కరలేదు. డెంగీ వైరస్ ఏడిస్ దోమకాటు వల్ల వస్తుంది, ఆ దోమ ఇంటి చుట్టూ నిలిచిన నీటిలో పెరుగుతుంది. టిన్నును నిందిస్తూ రక్తపరీక్ష ఆలస్యం చేస్తే నష్టపోయేది రోగే.

పల్లెలు సురక్షితమన్న మాట కూడా నిలబడదు. హార్మోన్లకు అడ్డుపడే రసాయనాలలో పురుగుమందులూ ఉన్నాయి. 2011 మే 13న సుప్రీంకోర్టు నిషేధించిన ఎండోసల్ఫాన్ అలాంటిదే. ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా వరిచేలో మందు కొట్టే కూలీకి పట్నవాసికన్నా తక్కువ ముప్పని ఎలా అనగలం?

ఇక కషాయం. ఒంట్లోకి చేరిన బీపీఏలో అధికభాగం ఏమీ తాగకపోయినా ఒక రోజులోపే మూత్రంతో వెళ్లిపోతుంది. ఆహారం నిల్వచేసే డబ్బాల లోపూతల నుంచి, వేడి తగిలిన పాలికార్బొనేట్ పాత్రల నుంచి మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టే పరీక్షల్లో కనిపిస్తుంది. పీఎఫ్‌ఏఎస్ కుటుంబంలోని పీఎఫ్‌ఓఎస్ వంటివి రక్తంలో సగానికి తగ్గడానికే ఏళ్లు పడుతుంది. ఏడు రోజుల గడువు ఈ రెండింటిలో దేనికీ సరిపోలదు.