గుంటలో బొట్టు

ఆదివారం పులుసుకు, సోమవారం ల్యాబుకు, రెంటికీ పనికొచ్చేది నెల్లూరు గొర్రె. రకం పల్లయినా, జోడిపి అయినా, దొర అయినా ల్యాబుకు కావాల్సింది రక్తమే. దాన్ని గడ్డకట్టనివ్వని ఆల్సెవర్ ద్రావణంలో పట్టి, 0.9 శాతం ఉప్పునీళ్లతో మూడుసార్లు కడిగి (ఉప్పు లేని నీళ్లయితే కణాలు ఉబ్బి పగిలిపోతాయి), ఆ ఎర్రకణాలను చిట్టెలుకకు ఎక్కిస్తే నాలుగైదు రోజుల్లో యాంటీబాడీలు తయారు.

చిక్కల్లా న్యూడ్ ఎలుకతోనే. ఫాక్స్‌ఎన్1 జన్యువు చెడి దానికి బొచ్చూ లేదు, థైమస్సూ లేదు. థైమస్ గ్రంథి లేదంటే అందులో తయారయ్యే టీ కణాలు లేనట్టే, అవి అదిలించందే యాంటీబాడీలు చేసే బీ కణాలు కదలవు. అందుకే గొర్రె కణాలతోపాటు బాక్టీరియా గోడలోని ఎల్‌పీఎస్ ఇస్తారు, మైక్రోగ్రాముల్లో. అది బీ కణాల తలుపు నేరుగా తడుతుంది. మోతాదు మించితే మామూలు ఎలుకకు బొచ్చు నిక్కబొడుచుకుంటుంది. ఈ దిగంబరుడికి ఆ సౌకర్యం కూడా లేదు, నడుం వంగిందేమో చూసుకోవాల్సిందే.

ఇక యాంటీబాడీలు ఏమాత్రం పుట్టాయో తేల్చే 96 గుంటల ప్లేటు. ఎలుక రక్తం గడ్డకట్టాక మిగిలే సీరాన్ని 56 డిగ్రీల్లో అరగంట ఉంచాలి, లేకపోతే అందులోని కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు గొర్రె కణాలను పేల్చేయొచ్చు. వరసంతా 50 మైక్రోలీటర్ల ఉప్పునీళ్లు, గుంటగుంటకూ సీరం సగం పలచన, పైన 1 శాతం గొర్రె కణాలు 50. కదపకుండా రెండు గంటలు. రోహిణి కార్తెలో నెల్లూరు గాలికి గుంటలు ఎండిపోతాయి, టేపు అంటించి తీరాలి.

కొత్త కుర్రాడు ఇదంతా తూచా తప్పకుండా చేసి కేకేశాడు.

"మేడం, ఎల్‌పీఎస్ వెయ్యనివే గెలిచాయి! అన్నిట్లో ఎంత ముద్దుగా బొట్లో!"

"బొట్టు కనబడితే పెళ్లికూతురే అనుకుంటే ఎట్టా నాయనా? యాంటీబాడీ ఉంటే కణాలు చేతులు పట్టుకుని దోసెలా పరుచుకుంటాయి. లేకపోతే జారి అడుగున బొట్టవుతాయి. బొట్టంటే సున్నా."

కుర్రాడు ఎర్ర పెన్నుతో బొట్లన్నీ కొట్టేశాడు. అన్నిటికన్నా గట్టి సీరంలో మొదటి రెండు గుంటలు బొట్లు, మూడోదాన్నుంచి దోసెలు. యాంటీబాడీ మరీ ఎక్కువైతే ఒక్కో కణానికీ విడిగా అతుక్కుని, చేతులు కలవనివ్వదు. దాన్ని ప్రోజోన్ అంటారు. ఆ సంగతి చెప్పేలోగానే ఆ వరసా పోయింది.

"మళ్లీ చెయ్యి. కణాలు కొత్తగా కడుక్కో."

పది నిమిషాలకు ట్యూబు తెచ్చాడు. లోపల గాజులా మెరిసే ఎర్రటి షర్బత్తు, అడుగున గింజంత కణం లేదు.

"దేంతో కడిగావు?"

"ఉప్పునీళ్లు అయిపోయాయి మేడం. ఇంకా శుభ్రంగా ఉంటుందని డిస్టిల్డ్ వాటర్ పోశాను."

"కణాలేవి మరి?"

"ఎండలకు కరిగుంటాయి మేడం."