పోలికకు మార్కులెందుకు?

మన సంఘం వార్షికోత్సవంలో పిల్లల చిత్రప్రదర్శన చూశారుగా. మూలన, స్పీకర్ల వెనక పెట్టిన అమ్మమ్మ బొమ్మ ఎంతమంది కంటపడిందో తెలీదు. "ఇదేం మొహమండీ, పగిలిన అద్దంలా!" అని న్యాయనిర్ణేతల్లో ఒకాయన మైకులోనే అనేశారు. హాలంతా నవ్వింది. గీసిన అమ్మాయి కూడా నవ్వేసింది, అదే నాకు గుచ్చుకుంది.

తర్వాత నేను ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. నుదురు ముదురు నీలం. ఒక చెంప నారింజ, రెండోది ఆకుపచ్చ. కళ్ళజోడులో ఒక అద్దం ఎదురుగా, ఇంకోటి పక్కనుంచి చూసినట్టు. చెవి భుజం మీదికి జారింది. చేతులు మాత్రం ముక్కలు కాలేదు; ఒకే ఇటుకరంగులో, ఒళ్ళో పొందిగ్గా ఉన్నాయి. అడిగితే, "వీడియో కాల్‌లో అమ్మమ్మ ఇలాగే కనిపిస్తుంది అంకుల్, ఓసారి నుదురు, ఓసారి చెవి" అంది. చేతుల సంగతి అడిగేలోపే గ్రూప్ డాన్సుకు పిలిచారు.

ఇలా నవ్వడమూ కొత్త కాదు లెండి. 1905లో ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ తన భార్య మొహాన ఆకుపచ్చ పూస్తే పారిస్ జనమూ నవ్వారు. ఆ పచ్చ ఒంటిరంగు కాదు, నీడ. నలుపు కలిపి నీడ వేసే బదులు వెచ్చటి రంగు పక్కన చల్లటి రంగు పెడితే చెంప ముందుకొస్తుంది, దవడ వెనక్కెళ్తుంది. పికాసో 1910లో తన బొమ్మలు అమ్మే వ్యాపారి కాన్‌వైలర్‌ని గీసినప్పుడు దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టాడు: రంగుల్ని గోధుమ, బూడిదలకు కుదించి, పనంతా ముక్కల అమరికకే అప్పగించాడు. షికాగో మ్యూజియానికి వెళ్తే ఆ బొమ్మ దగ్గర కాసేపు ఆగండి. జోడించిన చేతులు, వాచీ గొలుసు, జుట్టు ఒంపు ఒక్కొక్కటే పైకి తేలతాయి.

ముక్కలు చేసిందల్లా గొప్ప బొమ్మని నేననను. చెయ్యి తిరగనివాళ్ళు దీని చాటున దాక్కోవడమూ ఉంది. తేల్చుకోడానికి నేను ఒక ముక్కను అరచేత్తో మూసి చూస్తాను. ఆ నీలం నుదురు మూస్తే నారింజ చెంప వెలవెలబోయింది. అంటే పిల్ల లెక్కతోనే పెట్టింది.

పోలిక మీద మనకున్న మోజు నాకు అర్థమవుతుంది. దూరాన ఉన్నవాళ్ళ మొహం మరిచిపోతామేమోనన్న బెంగ అది. కానీ ఆ బెంగనే ఆ అమ్మాయి ఇంకోలా గీసింది కదా! మార్కుల కాగితంలో 'పోలిక'కు ఓ గడి పెడితే అలాంటి బొమ్మకు దక్కేదేముంది? కార్యవర్గానికి నా విన్నపం: వచ్చేసారి ఆ గడి తీసేయండి. గీసినవాళ్ళని బొమ్మ పక్కనే నిలబెట్టి, మార్కులు వేసేముందు ఒక్క ప్రశ్నైనా అడగండి, ఈ రంగు ఇక్కడే ఎందుకు పెట్టావమ్మా అని.