సవరణ: మిస్సోరి టర్కీ-క్రాపీ ట్రిప్ గురించి

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, ఏప్రిల్‌లో పిల్లల్ని తీసుకుని పొద్దున టర్కీ కోళ్ల వేట, మధ్యాహ్నం క్రాపీ అనే మంచినీటి చేపలు పట్టడం అని మొన్న రాసిన పోస్టులో, అక్కడి లేక్ ఆఫ్ ది ఓజార్క్స్ సరస్సులో మనిషికి రోజుకు 30 క్రాపీలు పట్టుకోవచ్చని చెప్పాను. అది తప్పు. 30 అన్నది మిస్సోరిలో మామూలుగా వర్తించే పరిమితి. ఈ సరస్సులోనూ, పక్కనున్న ట్రూమన్ లేక్‌లోనూ 15 మాత్రమే, అదీ 9 అంగుళాలకు తగ్గకూడదు. రాష్ట్ర కన్జర్వేషన్ శాఖ నిబంధనల్లో సరస్సుల వారీగా విడిగా ఉంది. నేను పైవరుస చూసి ఆగిపోయాను. పొడవు కొలిచే స్కేలు పడవలోనే ఉంచుకోండి. గుడ్లతో ఉబ్బిన చేప ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది, పిల్లలు వదలమంటే ఓ పట్టాన వదలరు.

ఇంకొకటి. "ఇద్దరం కలిసి వేటాడొచ్చు" అన్న నా మాటను, యూత్ సీజన్‌లో (పిల్లలకు మాత్రమే కేటాయించిన టర్కీ వేట వారాంతంలో) నాన్న కూడా కాల్చవచ్చని కొందరు అర్థం చేసుకున్నారు. కాదు. ఆ వారాంతం 6 నుంచి 15 ఏళ్ల పిల్లలది, టర్కీ పర్మిట్ వాళ్ల పేరు మీదే ఉండాలి. పెద్దవాళ్లు పక్కన ఉండటం వరకే. పిల్లలకు హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ) సర్టిఫికెట్ లేకపోతే వెంట ఉండే పెద్దవాళ్లకు అర్హత ఉండాలి, ఇది ముందే చూసుకోకపోతే చివర్లో టెన్షన్. మీరూ కాల్చాలనుకుంటే సొంత పర్మిట్‌తో ఆ తర్వాత వచ్చే మామూలు సీజన్‌లో వెళ్లండి.

చేపలు పట్టడానికి 15 ఏళ్ల వరకు పిల్లలకు పర్మిట్ అక్కర్లేదని రాసింది సరైనదే. నాన్నకు మాత్రం కావాలి.