స్ప్రింగులు కోయించమంటున్న ఆ సందేశానికి జవాబు

ఎత్తు తక్కువైనవాళ్లు ఏ మోటారు సైకిలునైనా వెయ్యి రూపాయల లోపు ఖర్చుతో, ఒక్క పూటలో తమ కాళ్లకు అందేలా దించుకోవచ్చని చెప్పే సందేశం ఈ నెలలో నాకు నాలుగోసారి వచ్చింది. టైర్లలో గాలి తగ్గించాలట, ముందు ఫోర్కులను, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టాలను, వాటి బిగింపుల్లో కావలసినంత పైకి జరపాలట, వెనుక స్ప్రింగులను రెండేసి చుట్లు కోయించాలట, సీటు ఫోమును చెక్కించాలట, ఆర్టీవో గురించి బెంగపడనక్కర లేదట. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆననివాళ్లు అసలు బండి నడపకూడదన్న తీర్పు కూడా చివర ఉంది. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, నడిపేది రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి హిమాలయన్ 411 కనుక నా మేలు కోరేవాళ్లందరూ దాన్ని నాకే పంపుతున్నారు. వారి మీద నాకు కోపం లేదు, సందేశం మీద ఉంది.

టైర్లలో గాలి తగ్గిస్తే సీటు దిగేది కొన్ని మిల్లీమీటర్లే, కానీ టైరు వేడెక్కుతుంది, మలుపులో బండి ఊగుతుంది. దీని గురించి ఇంతకంటే రాయనక్కర లేదు. ఆర్టీవో సంగతికొస్తే, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. ఎవరూ అడగరన్నది దానికి జవాబు కాదు.

రెండు పాదాలూ ఆనాలన్న తీర్పు కూడా నిలవదు. సిగ్నల్ దగ్గర నడుమును కొద్దిగా ఎడమకు జరిపి, ఎడమ పాదాన్ని నేలకు గట్టిగా ఆనించి, కుడి పాదాన్ని వెనుక బ్రేకు మీద ఉంచితే బండి కదలదు. పైగా సీటు ఎత్తు అంకె ఒక్కటే చూసి లాభం లేదు. హిమాలయన్ 411ది 800 మిల్లీమీటర్లు, అదే కంపెనీ క్లాసిక్ 350ది 805. కాలు నేలకు అందడం ఆ ఐదు మిల్లీమీటర్ల కంటే సీటు ముందు భాగం తొడలను ఎంత వెడల్పుగా విడదీస్తుందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

ఫోర్కులను పైకి జరపడం తెలిసినవాళ్లు చేసే పనే, అయితే "కావలసినంత" అన్న మాట తప్పు. ముందు భాగం ఒక్కటే దిగితే ఫోర్కు నిటారై, హ్యాండిల్ చిన్న కదలికకే తిరిగిపోతుంది, వేగంలో బండి నిలకడ తప్పుతుంది. మరీ జరిపితే, గుంతలో ఫోర్కు పూర్తిగా అణిగినప్పుడు మడ్‌గార్డు పై భాగాలకు తగులుతుంది.

ఇక స్ప్రింగుల కోత. నేను ఇది రాయడానికి కూర్చున్నదే దీని కోసం. చుట్లు తగ్గిన స్ప్రింగు మెత్తబడదు, గట్టిపడుతుంది. లోపలి షాకబ్జార్బరు పొడవు మాత్రం అలాగే ఉంటుంది కనుక, స్పీడ్ బ్రేకరు దాటి వెనుక చక్రం గాలిలోకి లేచినప్పుడు ఆ పొట్టి స్ప్రింగు తన గిన్నెలో వదులై, తిరిగి బరువు పడేసరికి పక్కకు ఒరిగి కూర్చోవచ్చు. కంపెనీ స్ప్రింగు కొస చదునుగా ఉంటుంది, కోసిన కొస అలా ఉండదు. గ్యాస్ మంటతో కోస్తే ఆ వేడికి ఉక్కు పదును పోయి, పగులు అక్కడే మొదలవుతుంది. జంట షాకబ్జార్బర్లున్న బండిలో రెండింటినీ సరిగ్గా ఒకే కొలతకు కోయకపోతే బరువు ఒక పక్కే పడి, వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మెలిపడుతుంది. బండి నలభై మిల్లీమీటర్లు దిగిందంటే, గుంత పడ్డప్పుడు చక్రం పైకి లేవడానికి ఉన్న చోటులో కూడా అంత మేరా పోయినట్టే. వెనుక ఒక మనిషినీ రెండు సంచులనూ ఎక్కించుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ఆ దెబ్బ నేరుగా చాసిస్‌కూ, కూర్చున్నవాళ్ల వెన్నుకూ తగులుతుంది.

మా పిన్నిగారి అబ్బాయి నాలుగేళ్ల కిందట ఒక షెడ్డులో ఈ పనే చేయించాడు. సైడ్ స్టాండు పొడవు ఎవరూ తగ్గించలేదు కాబట్టి, దిగిన బండి స్టాండు మీద దాదాపు నిటారుగా నిలబడేది. ఒక సాయంత్రం పెట్రోలు బంకులో గాలికి కుడివైపు పడి బ్రేకు లివరు విరిగింది. అప్పుడు పక్కన ఎవరూ లేరు. ఒక పసిపిల్ల నిలబడి ఉంటే ఈ సందేశం రాసిన మనిషి వచ్చి జవాబు చెప్పేవాడా? వెనుక భాగం దిగితే హెడ్‌లైటు పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుందని ఆయన ఒక్క ముక్కైనా రాశాడా? గ్రైండర్ పట్టుకోవడం వచ్చినంత మాత్రాన మరొకరి వెన్నుపూసతో ప్రయోగాలు చేసే హక్కు ఎవరిచ్చారు?

సీటు విషయంలో మాత్రం సందేశానిదే సరైన మాట, నాదే పొరపాటు. బండిని ముట్టుకోకూడదు, సాధన చేస్తే చాలు అని నేను చాలాకాలం అందరికీ చెప్పాను. వెనుక అమ్మను కూర్చోబెట్టుకుని వాలులో బండిని వెనక్కి నెట్టాల్సి వచ్చి, కాలు ఆనక ఇద్దరం పడ్డాక ఆ మాట మానేశాను. ఇప్పుడు నా సీటు ఫోము ఇరవై ఐదు మిల్లీమీటర్లు తగ్గింది, అంచులు ఇంకొంచెం ఎక్కువగా చెక్కించాను. అసలు సీటును దాచుకుని వేరే సీటు మీద ఆ పని చేయించడం మేలు. కొత్త బండి కొనేవాళ్లు మెటియోర్ 350 మీద కూర్చుని చూడవచ్చు, దాని సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లే. హిమాలయన్ 450 సీటునైతే 825, 845 మిల్లీమీటర్ల మధ్య మార్చుకోవచ్చు.

సీటు చెక్కించాక కూడా కాలు అందకపోతే, ముందూ వెనుకా సమంగా దించి, సైడ్ స్టాండు కోసి మళ్లీ వెల్డింగు చేసి, చైను బిగువునూ హెడ్‌లైటునూ సరిచేసి ఇచ్చే మెకానిక్కు దగ్గరికే వెళ్లండి. స్ప్రింగు కోస్తానని ఆయన అంటే, తాళం చెవి తీసుకుని వెనక్కి వచ్చేయండి.